మర్ఫా మోత, ధూల్‌పేట దుమ్ము: నగర కళాకారుల మీద డాక్యుమెంటరీ తీసేవారి ప్రశ్నలు, మా జవాబులు

హైదరాబాద్‌లో చేతిపనివాళ్ల మీద, వాద్యగాళ్ల మీద, గోడలకు బొమ్మలు వేసేవాళ్ల మీద డాక్యుమెంటరీ తీస్తున్నామని చాలామంది పాఠకులు రాశారు. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా పేటలో ఒక మర్ఫా వాద్య బృందం ఉంది. పెళ్లి బరాత్‌లో వాళ్ల వాయింపును కెమెరా మీది మైకుతోనూ, ఒకతని చొక్కాకు పెట్టిన కాలర్ మైకుతోనూ రికార్డు చేశాం. ఇంటికొచ్చి వింటే రేకు డబ్బా కొట్టినట్టుంది. ఎడిటింగులో బాగుపడుతుందా? (మలక్‌పేట నుంచి)

బాగుపడదు. శబ్దం రికార్డయ్యేటప్పుడే దాని శిఖరాలు తెగిపోయాయి. తెగిన ముక్క ఫైల్‌లో ఎక్కడా ఉండదు కాబట్టి తర్వాత తిరిగి తేలేం. మీ విషయంలో రెండు తప్పులు కలిశాయి. కెమెరాలో ఆటో గెయిన్ (శబ్దం స్థాయిని కెమెరాయే మార్చుకునే పద్ధతి) ఆన్‌లో ఉండి ఉంటుంది. దెబ్బ పడగానే అది శబ్దాన్ని అణచేస్తుంది, రెండు దెబ్బల మధ్య సందులో పైకి లేపుతుంది. అందుకే జనం అరుపులు అలల్లా పొంగి తగ్గుతున్నట్టు వినిపిస్తాయి. ఇక కాలర్ మైకు మనిషి మాటకోసం చేసింది. వాద్యానికి అడుగు దూరంలో పెడితే ఆ మోతను మైకే తట్టుకోదు. శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ పెట్టినా, కొత్తగా వస్తున్న 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ వాడినా మైకు లోపలే పగిలిన శబ్దాన్ని ఏ యంత్రమూ అతకదు.

ఈసారి ఇలా చేయండి. వాద్యాల దగ్గరికి ఒక డైనమిక్ మైకు తీసుకెళ్లండి. సభల్లో పాటగాళ్లు చేతిలో పట్టుకునే రకమే చాలు, పెద్ద మోతకు అది బెదరదు. ఇంకో రికార్డర్‌ను బృందానికి ఎదురుగా మూడు నాలుగు మీటర్ల దూరంలో, తల ఎత్తున పెట్టండి. గెయిన్ చేత్తోనే పెట్టుకోవాలి. అన్నిటికంటే పెద్ద దెబ్బ మీటరులో మైనస్ 12 డీబీ దాటకూడదు. రికార్డర్‌లో సేఫ్టీ ట్రాక్ సదుపాయం (అదే శబ్దాన్ని తక్కువ స్థాయిలో విడిగా రికార్డు చేసేది) ఉంటే దాన్ని ఇంకో 20 డీబీ తగ్గించి పక్కనే నడిపించండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి. మొదట్లో ఒకసారి కెమెరా ముందు చప్పట్లు కొడితే తర్వాత బొమ్మనూ శబ్దాన్నీ కలపడం తేలిక.

పాతబస్తీ సందుల్లో ఇంకో ఇబ్బంది ఉంది. రెండు వైపుల గోడల మధ్య బరువైన శబ్దం చిక్కుకుని గుమ్ముమంటుంది. బరాత్ నాలుగు రోడ్ల కూడలికి, లేదా ఖాళీ జాగా దగ్గరికి వచ్చి ఆగినప్పుడు చేసిన రికార్డింగే మీకు పనికొస్తుంది. పక్కనే డీజే బండి, దాని వెనక జనరేటర్ ఉంటే అక్కడ శబ్దం మీద ఆశ పెట్టుకోకుండా బొమ్మ మాత్రం తీసుకోండి.

అసలు మేలైన దారి మరొకటి ఉంది. బృందాన్ని ఒక పగటిపూట ఖాళీ మైదానానికి రమ్మనండి, ఆ పూట కూలి ఇచ్చి. మొదట అందరూ కలిసి పది నిమిషాలు, ఆ తర్వాత మర్ఫా ఒక్కటే, డఫ్ ఒక్కటే, ఢోల్ ఒక్కటే, స్టీల్ బిందె ఒక్కటే. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల ద్వారా, నిజాం ఆశ్వికదళంలోని ఆఫ్రికన్ సిద్దీల ద్వారా ఈ నగరానికి చేరిన వాద్యం ఇది. సిద్దీలున్న పేట ఏసీ గార్డ్స్, అరబ్బులది బార్కస్. ఏ వాద్యం ఏ దరువు మోస్తుందో విడిగా వినిపిస్తే ఆ చరిత్రను మీరు మాటల్లో చెప్పే పని సగం తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త: మైదానపు శబ్దాన్ని పెళ్లి దృశ్యంలో చేతులు కనిపించే షాట్ల కింద పెట్టకండి. వేగం కలవదు, కన్ను వెంటనే పట్టేస్తుంది. జనం ముఖాల మీద, అడుగుల మీద, దీపాల మీద పెట్టండి.

చెవుల్లో స్పాంజి బిరడాలు పెట్టుకోవడం మరవకండి. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలు ఉండొచ్చంటారు. ఆపైన మూడేసి డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. ఆ మోతలో హెడ్‌ఫోన్‌ను నమ్మలేం కాబట్టి కళ్లు మీటరు మీదే ఉంచండి.

ప్రశ్న: ధూల్‌పేటలో గణేశ్ విగ్రహాలు చేసే కుటుంబం మీద 40 నిమిషాల సినిమా తీయాలని ఉంది. పండక్కి నెల ముందు మొదలుపెడితే సరిపోతుందా? (ఉప్పల్ నుంచి)

సరిపోదు. నెల ముందు వెళ్తే మీకు దొరికేది రంగులు, బేరాలు, లారీలు. అది ప్రతి టీవీ చానెలూ ఏటా చూపిస్తున్నదే. పని అంతకు చాలా నెలల ముందే, ఎండాకాలంలోనే మొదలవుతుంది. అచ్చులు బాగుచేసుకోవడం, నిరుటి అప్పు లెక్క, ఈ ఏడు ఎన్ని చేయాలన్న వాదన అన్నీ అప్పుడే జరుగుతాయి. మీ సినిమాకు గట్టి పునాది అక్కడుంది. ఆరు నెలల్లో 20 పూటలు కేటాయించుకోండి. మొదటి నాలుగు పూటలు కెమెరా తీసుకెళ్లొద్దు. గుడుంబా వార్తల కోసం వచ్చిన కెమెరాలను ఆ పేట చాలా చూసింది. మీరు దేనికి వచ్చారో తేలేదాకా ఎవరూ మనసు విప్పరు.

పని వరస తెలియకపోతే షాట్లు జారిపోతాయి. అచ్చు లోపల నూనె లాంటిది పూస్తారు, లేకపోతే బొమ్మ ఊడిరాదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను నీళ్లలో కలిపి మొదటి పూత వేస్తారు. కొబ్బరి పీచును అదే ముద్దలో ముంచి రెండో పొరగా అద్దుతారు. బొమ్మ పగలకుండా పట్టుకునేది ఆ పీచే. అచ్చు విప్పాక చేతులు, తొండం అతకడం, అతుకులు గీకడం, తెల్ల పూత, స్ప్రే రంగు, కుంచెతో నగలు. కళ్లు చివర్లో.

కలిపిన ప్లాస్టర్ నిమిషాల్లోనే గట్టిపడుతుంది. కాబట్టి 'అన్నా, ఇంకోసారి పొయ్యవా' అని అడగడం అంటే అతని సరుకు పాడుచేయడమే. అడగనక్కర్లేదు కూడా. అతను ఒకే అచ్చులో రోజంతా అదే బొమ్మ తీస్తాడు. మొదటి బొమ్మకు దూరం నుంచి మొత్తం గది, రెండోదానికి నడుము నుంచి పైకి, మూడోదానికి చేతులు, నాలుగోదానికి ముఖం. ఒక్క కెమెరాతోనే నాలుగు కెమెరాలతో తీసినట్టు వస్తుంది. చేతులు తీస్తున్నప్పుడు కనీసం పని ఒక చుట్టు పూర్తయ్యేదాకా కెమెరా ఆపకండి. ముద్ద కలపడం నుంచి ఖాళీ బకెట్ పక్కన పెట్టేదాకా అన్నమాట. అయిదు సెకన్ల ముక్కలు వంద ఉన్నా ఎడిటింగులో ఒక పని కాదు. కొత్తగా తీసేవాళ్ల ఫుటేజీలో మాకు ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

కళ్లు దిద్దడం మాత్రం పెద్ద విగ్రహానికి ఒక్కసారే జరుగుతుంది. ఎప్పుడు, ఎవరు, ఏ వైపు నిలబడి దిద్దుతారో ముందు రోజు అడిగి తెలుసుకోండి. కుడిచేతివాటం మనిషైతే మీరు అతని ఎడమ పక్కన ఉండాలి, లేదంటే అతని మోచెయ్యే కుంచెను కప్పేస్తుంది.

చెడిపోయేవి: ప్లాస్టర్ దుమ్ము లెన్సు సందుల్లో దూరుతుంది. షెడ్డులో లెన్సు మార్చొద్దు, 24-70 ఎంఎం జూమ్ లాంటిది ఒకటి బిగించి రోజంతా దాంతోనే తీయండి. ముందు ఒక యూవీ ఫిల్టర్ పెట్టండి. స్ప్రే తుంపర ఎంత తుడిచినా పోకపోతే ఫిల్టర్ మార్చుకుంటే సరిపోతుంది, లెన్సు దక్కుతుంది. ముందు బ్లోయర్‌తో ఊది ఆ తర్వాతే గుడ్డతో తుడవండి. దుమ్ము మీద గుడ్డ రుద్దితే గాజు గీతలు పడుతుంది. వానాకాలంలో ఏసీ కారు దిగి నేరుగా షెడ్డులోకి వెళ్తే లెన్సు చెమర్చుతుంది. కెమెరాను సంచిలోనే అరగంట ఉంచి తీయండి. కంప్రెసర్ నడుస్తుంటే మాటలు రికార్డు చేయొద్దు.

ఒక మాట. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలు ప్లాస్టర్ విగ్రహాలను వద్దన్నాయి. 1954లో ఒక్క అడుగు బొమ్మతో మొదలైన ఖైరతాబాద్ గణేశుడు కూడా 2022లో మట్టికి మారాడు. ఈ సంగతి దాటేసి తీస్తే ఆ సినిమా అబద్ధమవుతుంది. అలాగని ఆ కుటుంబాన్ని బోనులో నిలబెట్టి అడగనూ కూడదు. మట్టి ధర ఎంత, ఆరడానికి ఎన్ని రోజులు, వానలో పగిలితే నష్టం ఎవరిది అని అడగండి. లెక్కలు చెప్పమంటే పనివాడు తడుముకోడు, ఆ జవాబులోనే వాళ్ల కష్టమూ చెరువు కష్టమూ రెండూ తెలుస్తాయి.

ప్రశ్న: రాత్రి పూట వర్క్‌షాప్‌లో తీసిన వీడియోలో నల్ల చారలు పైకీ కిందికీ పాకుతున్నాయి. కెమెరా పాడైందా? (హన్మకొండ నుంచి)

కెమెరా బాగానే ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. మీ షటర్ వేగం దానితో కలవాలి. సెకనుకు 25 ఫ్రేములు పెట్టి షటర్ 1/50 సెకను చేయండి. స్లో మోషన్‌కు 50 ఫ్రేములు లేదా 100 ఫ్రేములు, షటర్ 1/100. విదేశీ వీడియోలు చూసి 24, 60, 120 పెట్టుకుంటేనే ఈ చిక్కు. ఫోనుతో తీస్తుంటే మాన్యువల్ షటర్ ఇచ్చే యాప్ వాడండి, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితమే. చవక ఎల్ఈడీ బల్బులు కొన్ని వేరే లెక్కలో మిణుకుతాయి. అవి ఉన్నచోట ముందు పది సెకన్లు తీసి చూసుకోండి, చారలు పోకపోతే ఆ బల్బు తీసి మీ బల్బు పెట్టండి. ఫోను ఫైళ్లలో ఫ్రేముల వేగం స్థిరంగా ఉండక శబ్దం మెల్లగా తప్పిపోతుంది. ఎడిటింగ్ మొదలుపెట్టేముందే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 25 ఫ్రేములకు మార్చేయండి.

ప్రశ్న: కళాకారులను ఇంటర్వ్యూ చేస్తే 'చిన్నప్పట్నుంచీ ఇష్టమండీ, అంతా దేవుడి దయ' అంటున్నారు. అంతకు మించి రావడం లేదు. ఎలా? (నాంపల్లి నుంచి)

మీరు కుర్చీ వేసి, వెనక పూలకుండీ పెట్టి, 'మీ కళా ప్రస్థానం గురించి చెప్పండి' అని అడిగి ఉంటారు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు అదే. చేతిలో పని ఉండగా అడగండి. ఛత్తాబజార్‌లో ఉర్దూ అక్షరాలు రాసే ఖుష్‌నవీస్ ముందు కూర్చున్నారనుకోండి, 'ఈ కలం నోరు ఇంత ఏటవాలుగా ఎందుకు కోశారు భాయ్?' అంటే చాలు. ర్యాప్ పాడే కుర్రాణ్ని 'ఈ లైన్‌లో దక్కనీ ఎందుకు వదిలి ఇంగ్లీషులోకి వెళ్లావ్?' అని అడగండి. వస్తువు గురించి, నిన్నటి పని గురించి, ధర గురించి, చెడిపోయిన ముక్క గురించి అడిగితే మనిషి తన భాషలోకి వచ్చేస్తాడు.

జవాబు అయిపోయిందనిపించాక అయిదు సెకన్లు ఊరికే ఉండండి. మంచి మాట చాలాసార్లు ఆ మౌనం తర్వాతే వస్తుంది. మీ 'ఊఁ', 'అవునండి'లు అతని మాట మీద పడితే ఎడిటింగులో తీయలేరు, తలూపండి చాలు. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద. బయల్దేరేముందు అందరినీ నిశ్శబ్దంగా ఉండమని ఒక నిమిషం ఆ గది శబ్దం రికార్డు చేసుకోండి, కత్తిరింపుల మధ్య అతుకు అదే.

ప్రశ్న: మా నాన్నగారు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లకు బ్యానర్లు, కటౌట్లు వేసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని ఆగిపోయింది. మా దగ్గర పదో పన్నెండో ఫొటోలు తప్ప ఏమీ లేవు. వాటితో సినిమా అవుతుందా? (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

అవుతుంది. ఆ ఫొటోలను ఫోనుతో ఫొటో తీయొద్దు, స్కాన్ చేయించండి. 4 అంగుళాలు 6 అంగుళాల ఫొటోను 1200 డీపీఐలో స్కాన్ చేస్తే 7200 పిక్సెళ్ల వెడల్పు వస్తుంది. 4కె తెరకు 3840 కావాలి, కాబట్టి ఒక ముఖం మీదికి మెల్లగా వెళ్లడానికి చోటు మిగులుతుంది. 600లో చేస్తే ఆ చోటు ఉండదు. నెగెటివ్‌లు దొరికితే ఇంకా మంచిది, 3200 డీపీఐ పెట్టండి. ఫొటో వెనక రాసిన తేదీలను, స్టూడియో ముద్రనూ స్కాన్ చేయడం మరవద్దు.

తర్వాత నాన్నగారితో ఒక బ్యానర్ కొత్తగా వేయించండి. నటించమని అడగకుండా నిజమైన పనిగా అప్పగించి, మజూరీ మాట్లాడుకుని, ఆయన చెప్పిన గుడ్డా రంగులూ తెచ్చివ్వండి. చిన్న బొమ్మను పెద్దది చేసే గళ్ల పద్ధతి తెరమీద అద్భుతంగా ఉంటుంది. ఫొటో మీద అంగుళానికో గడి, గుడ్డ మీద అడుగుకో గడి గీస్తే 10 అంగుళాలు 8 అంగుళాల ఫొటో 10 అడుగులు 8 అడుగుల బ్యానర్ అవుతుంది. ఒక కెమెరాను స్టాండ్ మీద మూలన పెట్టి పది సెకన్లకో ఫొటో తీయించండి. 8 గంటల పనికి 2880 ఫొటోలు, 25 ఫ్రేముల వేగంలో దాదాపు రెండు నిమిషాలు. వెలుతురు, రంగు ఆటోలో ఉంటే ఆ రెండు నిమిషాలూ మిణుకుమిణుకుమంటాయి, రెండూ లాక్ చేయండి.

ప్రశ్నలు మీరే అడగండి, మీ గొంతు ఉంచండి. ఆయన మధ్యలో 'అది కాదమ్మా' అని పిలిచే పిలుపును కత్తిరించొద్దు. కొత్తవాళ్లు వెళ్తే రానిది అదే.

ప్రశ్న: ఎంఎస్ మక్తాలో ఇళ్ల గోడల మీది పెద్ద బొమ్మలు, అక్కడ ర్యాప్ పాడే కుర్రాళ్లు మా సినిమాలో ఉన్నారు. ఎవరెవరి అనుమతి కావాలి? ముప్ఫై సెకన్లలోపు పాట ఎవరిదైనా వాడుకోవచ్చంటున్నారు, నిజమేనా? (గచ్చిబౌలి నుంచి)

ముప్ఫై సెకన్ల నియమం మన చట్టంలో ఎక్కడా లేదు. పది సెకన్లు వాడినా అడగాల్సిందే.

గోడ బొమ్మల విషయంలో చట్టం మీ వైపే ఉంది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న కళాకృతిని సినిమాలో చూపించడం ఉల్లంఘన కాదు. కానీ అదే బొమ్మను ఫొటో తీసి మీ సినిమా పోస్టర్ మీద, టీషర్ట్ మీద వేస్తే ఆ మినహాయింపు వర్తించదు. శిల్పాల ఫొటోలకు ఇచ్చిన వెసులుబాటు గోడమీది చిత్రాలకు ఇవ్వలేదు. పోస్టర్‌కు చిత్రకారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. తెరమీద బొమ్మ ఎవరిదో పేరు వేయండి, చట్టం అడగకపోయినా వేయాల్సిందే. ఇంటివాళ్లనూ అడగండి. బొమ్మ చిత్రకారుడిదైనా గోడ, గుమ్మం, ఆ గుమ్మంలో కూర్చున్న అవ్వ వాళ్లవి.

ర్యాప్‌లో చిక్కు ఎక్కువ. కుర్రాడు రాసిన మాటలు అతనివి. అతను యూట్యూబ్‌లోంచి దించుకున్న బీట్, అంటే వెనక వచ్చే సంగీతం, వేరేవాళ్లది. ఆ బీట్‌లో పాత సినిమా పాట ముక్క ఉంటే దాని రికార్డింగ్ హక్కు ఆడియో కంపెనీది, స్వరానికి, సాహిత్యానికి హక్కులు వేరే. విడుదలయ్యాక ఒక్కరు అభ్యంతరపెట్టినా సినిమా దిగిపోతుంది. దీనికి చవకైన మందు: చిత్రీకరణ రోజే బీట్ లేకుండా, చిటికెలతోనో, మిత్రుడు నోటితో చేసే బీట్‌బాక్స్‌తోనో అదే పాట ఒకసారి పాడించండి. చాలాసార్లు అదే బాగుంటుంది కూడా. పాడినవాళ్ల దగ్గర ప్రదర్శకుల సమ్మతి రాయించుకోండి. 38ఎ సెక్షన్ ప్రకారం ఒకసారి రాతపూర్వకంగా ఒప్పుకుంటే సినిమాలో దాని వాడకానికి తర్వాత అడ్డు చెప్పలేరు, కానీ వ్యాపారానికి వాడితే రాయల్టీ హక్కు వాళ్లకే ఉంటుంది.

ఇరానీ హోటల్లో మాట్లాడిస్తుంటే వెనక పాట వస్తుందా? టీ చెప్పి, కాసేపు ఆపమని ఓనర్‌ను అడగండి. హక్కుల సంగతి అలా ఉంచినా, మాట కత్తిరించిన ప్రతిచోటా వెనక పాట గెంతుతుంది.

ప్రశ్న: రాత్రిళ్లు అనుమతి లేకుండా గోడలమీద గ్రాఫిటీ వేసే కుర్రాళ్లు ముఖాలు మసక చేస్తే కెమెరా ముందుకొస్తామంటున్నారు. సరిపోతుందా? (సికింద్రాబాద్ నుంచి)

సరిపోదు. మసక చేసేది విడుదల కాపీలోనే, అసలు ఫుటేజీ మీ హార్డ్ డిస్క్‌లో ముఖంతోసహా ఉంటుంది. గోడలు పాడుచేయడం మీద 1997 నాటి చట్టం ఉంది, పోలీసులు అడిగితే ఇవ్వక తప్పని పరిస్థితి రావచ్చు. కాబట్టి ముఖం అసలు రికార్డే చేయకండి. చేతులు, బూట్లు, నీడ, స్ప్రే డబ్బాలోని గోళీ చప్పుడు చాలు. చేతిమీద పచ్చబొట్టు, బండి నంబరు, వాళ్ల గల్లీ మసీదు మినారో గుడి గోపురమో ఫ్రేములో పడినా గుర్తుపట్టేస్తారు. గొంతును యంత్రంతో మార్చితే తిరిగి మామూలు చేయగలిగినవాళ్లున్నారు. మాటలు రాసుకుని వేరే మనిషితో చదివించి, ఆ సంగతి తెరమీద చెప్పండి. ఫోన్లలో లొకేషన్ ఆపేయండి.

'మా కోసం ఇంకోటి వేయండి' అని ఎన్నడూ అడగొద్దు, అప్పుడు ఆ పనికి పురమాయించినవారు మీరవుతారు. రైలు పట్టాల మీదికి వాళ్లు వెళ్లినా మీరు వెళ్లకండి. అనుమతి లేకుండా వెళ్తే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా శిక్ష పడొచ్చు, అంతకంటే ముందు ప్రాణం.

అవతలి పక్షాన్ని కూడా తీయండి. న్యూయార్క్ సబ్‌వే గ్రాఫిటీ మీద 1983లో వచ్చిన 'స్టైల్ వార్స్' ఇప్పటికీ నిలబడిందంటే కారణం అందులో కుర్రాళ్లతోపాటు ఒకడి తల్లి ఉంది, డిటెక్టివ్ ఉన్నాడు, మేయర్ ఉన్నాడు. తల్లీకొడుకులు వంటగదిలో వాదించుకుంటారు. 1989 మే నాటికి ఆ రైళ్లన్నీ కడిగేశారు. ఆ బొమ్మలతోపాటు వాటి మీది కోపం కూడా ఆ సినిమాలోనే మిగిలింది. మీ సినిమాలో పొద్దున్నే సున్నం బకెట్ పట్టుకుని వచ్చే ఇంటాయన ఉండాలి.

ప్రశ్న: డాక్యుమెంటరీలో కనిపించేవాళ్లకు డబ్బు ఇవ్వకూడదంటారు. మేం తీస్తున్నవాళ్లు రోజుకూలీలు. ఏం చేయాలి? (తిరుపతి నుంచి, ప్రస్తుతం హైదరాబాద్)

మాటలకు డబ్బిస్తే మనకు నచ్చే మాటలే చెబుతారన్న భయం నుంచి ఆ నియమం పుట్టింది. ఆ భయంలో నిజం ఉంది. కానీ మీ వల్ల పోయిన పూట కూలి ఇవ్వడం మాటకు ధర కట్టడం కాదు. ముందే మాట్లాడుకుని, ఏం చెప్పినా చెప్పకపోయినా అదే మొత్తం ఇవ్వండి. ఇచ్చిన లెక్క నోటుబుక్కులో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.

ఆ తర్వాతి డబ్బు సంగతి మొదట్లోనే తేల్చుకోవాలి. న్యూయార్క్ హార్లెమ్‌లో నల్లజాతి, లాటినో గే, ట్రాన్స్ మనుషులు వేషాలతో, నాట్యంతో పోటీపడే 'బాల్' వేడుకల మీద జెన్నీ లివింగ్‌స్టన్ తీసిన 'పారిస్ ఈజ్ బర్నింగ్' 1990లో వచ్చి బాగా ఆడింది. అందులో ఉన్నవాళ్లు చాలామంది పేదవాళ్లు. సమ్మతి పత్రాల మీద సంతకాలు ఉన్నాయి, చట్టం పక్కా. అయినా సినిమాకు డబ్బొచ్చిందని తెలిసి మా వాటా ఏదని అడిగారు. చివరికి దాదాపు 55,000 డాలర్లను 13 మందికి తెరమీద కనిపించిన సమయాన్ని బట్టి పంచారు. పంచినా ఆ మనస్తాపం తీరలేదు, చర్చ ఇప్పటికీ నడుస్తోంది. సంతకం ఉందని ఊరుకుంటే ఏమవుతుందో చూడటానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

మా సలహా: సమ్మతి పత్రాన్ని తెలుగులోనూ, అవసరమైతే ఉర్దూలోనూ ఒకే పేజీలో రాయండి. సినిమా ఎక్కడెక్కడ చూపిస్తారు, యూట్యూబ్‌లో పెడతారా, ఎప్పటిలోగా 'నా భాగం తీసేయండి' అనొచ్చు, బహుమతి డబ్బో టీవీ డబ్బో వస్తే ఖర్చులు పోను ఎంత వాటా. నాలుగో వంతు అందరికీ కలిపి అన్నది న్యాయమైన మొదలు అని మా అభిప్రాయం. చదవలేనివాళ్లకు చదివి వినిపించి, ఆ వినిపించడాన్ని రికార్డు చేయండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లుంటే తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి. కాపీ వాళ్ల చేతికివ్వండి. సంతకం మొదటిరోజు కాకుండా రెండు మూడు పూటల షూటింగ్ అయ్యాక అడగండి, అప్పటికి తాము దేనికి ఒప్పుకుంటున్నారో వాళ్లకు తెలుస్తుంది.

ప్రశ్న: ఎంత స్టోరేజీ కొనాలి? (కూకట్‌పల్లి నుంచి)

4కెలో సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో తీస్తే గంటకు 45 జీబీ. 60 గంటల ఫుటేజీ 2.7 టీబీ. 4 టీబీ డిస్కులు రెండు కొని రెండింట్లోనూ కాపీ పెట్టండి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. రెండు కాపీలూ తెరిచి చూశాకే కార్డు ఖాళీ చేయాలి.

ప్రశ్న: దక్కనీ మాటలకు తెలుగు సబ్‌టైటిల్స్ వేస్తే ఒత్తులు విడిపోయి వస్తున్నాయి. పైగా సినిమా అయ్యాక ముందు ఎక్కడ చూపించాలి? (మెహదీపట్నం నుంచి)

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో అయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్‌కు వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్‌కు మార్చండి, ఒత్తులు సర్దుకుంటాయి. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్లే వాడండి. వరసకు నాలుగైదు పదాలు, రెండు వరసలు, ఒక్కోటి ఏడు సెకన్లకు మించకుండా. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరసల మధ్య దూరం ఇంగ్లీషు కంటే ఎక్కువ ఇవ్వాలి. 'నక్కో'ను 'వద్దు' అనండి చాలు, 'నాకు అక్కర్లేదని మనవి' చేయకండి. పక్కన ఆ పేట మనిషిని కూర్చోబెట్టుకుని సరిచూడండి. దక్కనీ నవ్వు తెలియనివాళ్లు తిట్టును తిట్టుగానే రాసేస్తారు.

ముంబయి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం (మిఫ్), తిరువనంతపురంలో కేరళ చలనచిత్ర అకాడమీ డాక్యుమెంటరీ ఉత్సవం మన భాషల చిత్రాలను చూస్తాయి, పంపండి. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది. వాటన్నిటికంటే ముందు తీసినవాళ్ల గల్లీలోనే చూపించండి, అదీ కాపీ ఇంకా మార్చగలిగే దశలో ఉండగానే. పది అడుగుల తెల్ల గుడ్డ బిగువుగా కట్టాలి, గాలికి ఊగితే బొమ్మ ఊగుతుంది. 3000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ చాలు, కానీ పూర్తిగా చీకటి పడాలి, ఎదురుగా ఉన్న వీధిదీపానికి అట్టముక్క అడ్డం పెట్టాలి. స్పీకర్లు తెరకు రెండు పక్కలా తల ఎత్తున. ఇషా నమాజు, గుడి హారతి వేళలు అడిగి మధ్యలో పెట్టుకోండి. ధూల్‌పేట అయితే నిమజ్జనం అయ్యాక రెండు వారాలు ఆగి వెళ్లండి, పండగకు ముందు అక్కడ ఎవరికీ కూర్చునే తీరిక ఉండదు. ఎవరు ఎక్కడ నవ్వారో, ఎక్కడ లేచి వెళ్లారో రాసుకోండి. 'ఈ ముక్క తీసేయండి' అని ఎవరైనా అడిగితే ఆ రాత్రే గుర్తు పెట్టుకుని, మర్నాడు ఎడిటింగు అక్కడి నుంచి మొదలుపెట్టండి.